కింది పొర

బుధవారం ఉదయం తొమ్మిది గంటలకు ఆసుపత్రి వంటశాలలో, పొడవాటి స్టీలు బల్లకు ఒకవైపున వరుసగా నిలబడినవారు ఐదుగురు. మొదట పెద్ద వంటవాడు. ఆయన పక్కన, తాళాల గుత్తి బల్లమీద పెట్టి, స్టోరు గుమస్తా. ఆ తరువాత సాసులూ సూపులూ చేసే ఆమె. ఆమెకు కాస్త ఎడంగా కూరగాయలు తరిగే మనిషి. అందరికన్నా చివర, సింకుకు దగ్గరగా, పాత్రలు కడిగే ముసలామె. ఈ వరుసను ఎవరూ రాసిపెట్టలేదు. అయినా అది ఒక్కరోజూ మారలేదు. పెద్ద వంటవాడు ఆనాటి వంటకాల పట్టిక చదివేవాడు, నలుగురూ వినేవారు, ఆయన "కానివ్వండి" అన్న తరువాతనే కదిలేవారు.

సాసులు చేసే ఆమెను వంటశాలలో అందరూ వెన్నమ్మ అనేవారు. కరిగిన వెన్న వాసన ఆమె బట్టలను సెలవురోజున కూడా వదిలేది కాదు. పెద్ద వంటవాడు ఆమెకు బావ, సొంత అక్క భర్త. పాత్రలు కడిగే ఆమె అక్కడ ఎవరికీ ఏమీ కాదు. అందువల్లనే కాబోలు అందరికీ పిన్ని.

వారానికి రెండుసార్లు, బుధవారమూ శనివారమూ, రోగులకు మధ్యాహ్నం ఓవెన్లో కాల్చిన కూరగాయలు పెట్టేవారు. వంటకం సాదా వంటకమే. క్యారెట్, బీన్స్, కాలీఫ్లవర్, బంగాళాదుంప సగం ఉడికించి, నీరు వార్చి, వెన్న రాసిన ట్రేలో పొరలుగా పేర్చి, పైన చీజ్ సాసు పోసి, బ్రెడ్డు పొడి చల్లి, రంగు తిరిగేదాకా కాల్చడమే. పళ్లు లేనివారూ, జ్వరంతో నోరు చవి చచ్చినవారూ ఇది ఉన్న రోజున రెండోసారి అడిగి పెట్టించుకునేవారు.

వెన్నమ్మ వెడల్పాటి గిన్నెలో వెన్న కరిగించి, మైదా వేసి, పచ్చివాసన పోయేవరకు, అయితే రంగు మారకముందే, వేయించింది. ఆ రెండింటికీ మధ్య వ్యవధి గరిటె నాలుగు తిప్పుళ్లు. ఆ నాలుగు తిప్పుళ్లు తెలియనివారు పొయ్యి దగ్గరికి రాకూడదని ఆమె నిశ్చితాభిప్రాయం. పాలు ఒక్కసారిగా పోయలేదు. ఒక గరిటెడు పోసి, ముద్ద విడివడిన తరువాత మరొక గరిటెడు పోసింది. సాసు గరిటె వెనుక పల్చని పొరగా నిలిచినప్పుడు వేలితో గీసి చూసింది. గీత పూడలేదు. మంట తగ్గించి, తురిమిన చీజ్ గుప్పెళ్లతో జారవిడిచి, మిరియాల పొడీ చిటికెడు జాజికాయ పొడీ కలిపింది. వెన్నమ్మ సాసు పోస్తే పాత చెప్పునైనా చప్పరించుకుంటూ తినేస్తారని తరిగే మనిషి అన్నాడు. ఆమె దాన్ని మెచ్చుకోలుగానే స్వీకరించింది.

ట్రేలలో కూరగాయలు పేర్చడం పెద్ద వంటవాడి హక్కు. చల్లగదిలో, తలుపు చేరవేసుకుని, ఆ పని ఆయన ఒక్కడే చేసేవాడు. ట్రేలు పేర్చి వచ్చేవి, వెన్నమ్మ వాటి మీద సాసు పోసేది. కింద ఏముందని ఆమె ఏనాడూ అడగలేదు. తన సాసు మీద ఉన్నంత నమ్మకం ఆమెకు బావ చేతుల మీదా ఉండేది.

ఆ రోజు మూడవ ట్రే ఓవెన్ లోపలి పట్టాకు తగులుకుని ఒక పక్కకు ఒరిగింది. ఒక మూల సాసు, కూరగాయలు కలగలిసి తలుపు మీదికి జారాయి. ఆమె ట్రేను వెనక్కి లాగి, బల్లమీద దించి, ఆ మూలను చెంచాతో సర్దబోయింది. పై వరుస క్యారెట్లను పక్కకు నెట్టగానే కింద బంగాళాదుంప బిళ్ల ఒకటి కనిపించింది. దాని అంచు అర్ధచంద్రాకారంగా తెగి ఉంది. అది కత్తి కోత కాదు. వరుసగా చిన్న చిన్న గాట్లు, మధ్యలో ఒక పన్ను లేని ఖాళీ. దాని పక్కనే, ఎవరో నమిలి, మింగుడుపడక పళ్లెం అంచున పెట్టిన బీన్స్ పీచు, బొటనవేలంత ముద్ద.

ఆమె నోట్లో నీళ్లు ఊరాయి. అవి ఆకలికి ఊరే నీళ్లు కావు. సింకు దాకా వెళ్లి, వంగి, కొంతసేపు అలాగే నిలబడి, ఏమీ రాకపోవడంతో ముఖం కడుక్కుని, బంగాళాదుంప బిళ్లను చెంచాలో పెట్టుకుని చల్లగదిలోకి వెళ్లింది.

పెద్ద వంటవాడు దానికేసి చూసీ చూడనట్టు చూసి ముఖం తిప్పుకున్నాడు. మొదట తప్పు తరిగేవాడి మీదికి నెట్టాడు. ఆమె చెంచాను అలాగే పట్టుకుని నిలబడడంతో తలుపు మూసి, గొంతు తగ్గించాడు. వార్డుల నుంచి తిరిగివచ్చిన పళ్లాలలో ఎంత మిగులుతుందో ఆమెకు తెలియనిది కాదన్నాడు. అందులో బాగున్న ముక్కలు ఏరి, వేడి ఉప్పునీటిలో కడిగి, పిన్ని బేసిన్లో పెడుతుందనీ, మర్నాడు అవి కింది పొరకు పనికివస్తాయనీ, ఎనిమిది నెలలుగా ఇదే పద్ధతనీ, ఇంతవరకు ఒక్కరికీ కడుపునొప్పి రాలేదనీ వివరించాడు. నిన్న ఆ ముసలిది కంట్లో మందు వేయించుకోవాలని సగం పూట సెలవు పెట్టడం వల్ల తాను ఏరకుండానే వేయవలసి వచ్చిందని విసుక్కున్నాడు.

"నిప్పుకి ఎంగిలేంటే? నూట ఎనభై డిగ్రీలు. అందులో ఏ పురుగు బతుకుతుంది?"

"పురుగు సంగతి కాదు బావా. ఇది ఒకరి నోట్లోంచి వచ్చింది."

"పైన నీ సాసు ఉందిగా. ఎవరికి కనపడుతుంది? వెళ్లి ఆ మూల సర్దు. టైమవుతోంది."

ఆమె ఆ మూలను గీకి చెత్తడబ్బాలో పడేసింది. మిగిలిన మూడు మూలల సంగతి, మిగిలిన మూడు ట్రేల సంగతి ఆమెకు తెలుసు. అయినా సాసు పోసింది, బ్రెడ్డు పొడి చల్లింది, ట్రేను లోపలికి తోసింది. పన్నెండున్నరకు నాలుగు ట్రేలూ బంగారు రంగు తిరిగి, అంచుల్లో బుడగలు పేలుతూ బయటికి వచ్చాయి. వాటి వాసన ఎప్పటిలాగానే కమ్మగా ఉంది. ఆమె భరించలేకపోయింది ఆ కమ్మదనాన్నే.

గురువారం ఆమె అసహ్యమంతా పిన్ని మీదికి మళ్లింది. మళ్లించుకోవడం తేలిక కూడా. బావను అసహ్యించుకోవడానికి అక్క అడ్డం, తనను అసహ్యించుకోవడానికి తాను అడ్డం. పిన్నికి ఎవరూ అడ్డం లేరు. రోజంతా నీటిలో నాని, తెల్లగా ముడతలు పడిన ఆ వేళ్లను చూస్తూ, ఆ వేళ్లే కదా పళ్లాలలో కెలికి కెలికి ఏరినవి అనుకుంది. పదకొండు గంటలప్పుడు పిన్ని అలవాటు ప్రకారం అందరికీ మంచినీళ్లు అందించింది. వెన్నమ్మ గ్లాసు తీసుకుని, ఆమె అటు తిరగగానే, నీళ్లు సింకులో పారబోసింది. పిన్ని అది చూసింది.

మధ్యాహ్నం సామాను లెక్క చూసుకుంటూ స్టోరు గుమస్తా నీళ్లు కాచే బాయిలరు వెనుక చేయి పెట్టి ఒక గుడ్డసంచి లాగాడు. బల్లమీద బోర్లించాడు. కాలీఫ్లవర్ కాడలు, క్యాబేజీ మొదళ్లు, క్యారెట్ తలలు దొర్లాయి. కొన్నింటికి పైతొక్క తీసి, బొడిపెలు చెక్కి, పాలరాయిలా తెల్లగా చేసి ఉంది. ఎవరిదన్నాడు. తనదేనంది పిన్ని.

పెద్ద వంటవాడు అందరినీ మళ్లీ వరుసలో నిలబెట్టాడు. రోగుల నోటికాడి తిండి దొంగిలించడం ఎంతటి పాపమో చాలాసేపు చెప్పాడు. ఆయన చెబుతున్నంతసేపూ తరిగే మనిషి తన కత్తి అంచును బొటనవేలితో పరీక్షించుకుంటూ ఉన్నాడు.

"అవి చెత్తలోవి బాబూ," అంది పిన్ని.

"చెత్త కూడా ఆసుపత్రిదే."

శనివారం ఉదయం ఎనిమిది గంటలకు, నర్సులకూ వంటశాలకూ పెద్ద అయిన మేట్రన్ గదిలో విచారణ జరుగుతుందనీ, దొంగతనం రుజువైతే ఆ రోజే ఆమె పని ఆఖరనీ, అంతవరకు ఆమె తినే వస్తువు వేటినీ ముట్టుకోకుండా పెరట్లో చెత్త డ్రమ్ములు తోముకోవాలనీ నిర్ణయించారు. సాక్షిగా వెన్నమ్మ సంతకం పెట్టాలని గుమస్తా అన్నాడు. ఆమె తల ఊపింది. ఎంగిలి కడిగిన మనిషికి ఏదో ఒక పేరుతో శిక్ష పడితే మంచిదేనని ఆ క్షణంలో ఆమెకు తోచిన మాట వాస్తవం.

శుక్రవారం మధ్యాహ్నం, వడ్డన ముగిసిన తరువాత, ఆమె పెరట్లోకి వెళ్లింది. పిన్ని ఒక డ్రమ్మును పక్కకు పడుకోబెట్టి, సగం శరీరం అందులోకి దూర్చి, ఇనుప పీచుతో అడుగు తోముతోంది. డ్రమ్ములో నుంచి పులిసిన వాసన వేడిగా వస్తోంది. వెన్నమ్మ ముక్కు మూసుకుని, ఎనిమిది నెలలు ఎంగిలి కడిగి జబ్బుమనుషులకు పెట్టడానికి సిగ్గు వేయలేదా అని అడిగింది.

పిన్ని డ్రమ్ములోంచి బయటికి వచ్చి, మోచేత్తో నుదురు తుడుచుకుంది.

"ఎవరు కడిగారమ్మా?"

"బావే చెప్పాడు."

"ఆయన కడగమన్నాడు. నేను కడిగానని ఎవరన్నారు?"

తిరిగి వచ్చిన పళ్లాలలోనిదంతా ఏ రోజుకారోజు ఈ డ్రమ్ములోకే పోయిందని ఆమె చెప్పింది. తరిగే మనిషి బల్ల కింద పడేసే కాడలూ మొదళ్లూ ఏరుకుని, చెక్కి, ముక్కలు కోసి, సింకు పక్కన తన వేడినీళ్లలో ఉడకబెట్టి, బేసిన్ నింపి చల్లగదిలో పెట్టేదట. ఆ సంచి అందుకేనట. కడగమన్న మొదటిరోజు నుంచీ అంతేనట. సెలవు పెట్టిన మంగళవారం ఒక్కటే తప్పిపోయిందట. ఇదంతా ఆమె తోముతూ తోముతూనే చెప్పింది, ఎవరి ఇంట్లోనో జరిగిన విషయం చెప్పినట్టు.

వెన్నమ్మ నమ్మలేదు. పిన్ని చేతులు కడుక్కుని, అవతల కుప్పలో నుంచి కాలీఫ్లవర్ కాడ ఒకటి తీసి, పంపు కింద పట్టి, నడుము దగ్గర దోపుకున్న చిన్న కత్తితో పని మొదలుపెట్టింది. ముందుగా ఆకు మొదళ్లు గీకింది. మొదలు వైపు గాటు పెట్టి, తొక్కను కత్తికీ బొటనవేలికీ మధ్య పట్టి కిందికి లాగింది. నారతో సహా పట్టీలా ఊడివచ్చింది. నాలుగు లాగుళ్లకు లోపలి తెల్లటి బొండు మిగిలింది. దాన్ని బిళ్లలుగా కోసి ఒకటి అందించింది. వెన్నమ్మ కొరికింది. కరకరలాడుతూ, చిరుతీపిగా ఉంది. ఇన్నేళ్లు వంటశాలలో ఉండి ఆమె ఆ రుచి ఎరగదు.

"మరి బావ చూడలేదా? కాడలూ దుంపలూ తేడా తెలీదా?"

"చూస్తే కదా తెలిసేది. బేసిన్ ఎత్తి, మొహం అటు తిప్పుకుని, ఊపిరి బిగబట్టి ట్రేలో బోర్లిస్తాడు. ఆయనకి అసహ్యం ఎక్కువ తల్లీ."

తనకైనా ఎందుకు చెప్పలేదని వెన్నమ్మ అడిగింది.

"చెప్తే నన్ను తీసేసి, చెప్పినట్టు కడిగేదాన్ని పెట్టుకుంటారు. అప్పుడెవరు చెక్కుతారు? తినేవాళ్లు పడుకుని తింటారమ్మా. లేచొచ్చి గిన్నెల్లోకి చూడలేరు."

రేపు మేట్రన్ ముందు ఈ మాటే చెప్పమంది వెన్నమ్మ. నేను చెబితే అది దొంగ చెప్పిన మాట అవుతుందంది పిన్ని, మళ్లీ డ్రమ్ములోకి దూరుతూ.

సాయంత్రం వెన్నమ్మ ఇంటికి అక్క వచ్చింది. ప్రతి శుక్రవారంలాగే చేతిలో కూరగాయల సంచి. లోపలికి వస్తూనే బల్లమీద సర్దడం మొదలుపెట్టింది. ఎర్రగా నిగనిగలాడే క్యారెట్లు, వేలెడు పొడవున సమానంగా ఏరిన బీన్స్, రెండు కాలీఫ్లవర్లు. వెన్నమ్మ చూస్తూ నిలబడింది. ట్రేల కింది పొరలో ఎంగిలి ఎందుకు కావలసివచ్చిందో, అక్కడ ఉండవలసిన కూరలు ఎటు వెళ్లాయో ఇంతవరకు ఆమె ఆలోచించలేదు. వంటశాలలో కనిపించనివి ఇవిగో, తన బల్లమీద ఉన్నాయి. ఎనిమిది నెలలుగా తన ఇంట్లో తిన్నవి ఇవే. భర్త మెచ్చుకున్నవి, కూతురు మారు వడ్డించుకున్నవి.

అక్క కుర్చీలో కూర్చుని, రేపటి సంతకం గురించి ఎత్తింది. బావ రాత్రుళ్లు నిద్రపోవడం లేదంది. ఎవత్తో అంట్లు తోమేదాని కోసం సొంత అక్క కాపురంలో నిప్పులు పోయవద్దంది. ఆయన నోరు చెడ్డదైనా చెయ్యి మంచిదనీ, ఆ చెయ్యి పట్టుకునే కదా నువ్వు ఆ వంటశాల గడప తొక్కావనీ గుర్తుచేసింది.

"ఇవి ఎవరివో నీకు తెలుసా అక్కా?"

"తిన్నప్పుడు బాగానే ఉన్నాయిగా?"

అక్క వెళ్లిపోయిన తరువాత పొయ్యిమీది గిన్నె మూత తీసింది. పొద్దుట వండిన కూర, మగ్గి, మెరుస్తూ ఉంది. గరిటెతో కదిపింది. వార్డులో కిటికీ పక్క మంచంమీద, దిండ్లకు చేరగిలబడి, చెంచాను వణికే చేత్తో నోటిదాకా తెచ్చుకునే మనిషి ఎవరో ఆమె కళ్లముందుకు వచ్చారు. మూత పెట్టేసింది. బుధవారం రాకుండా సింకు దగ్గర ఆగిపోయినది ఇప్పుడు వచ్చింది.

శనివారం ఎనిమిది గంటలకు మేట్రన్ గదిలో కుర్చీలు మూడే ఉన్నాయి. ఒకదానిలో మేట్రన్, మరొకదానిలో పెద్ద వంటవాడు, మూడవదానిలో కాగితాలతో స్టోరు గుమస్తా కూర్చున్నారు. వెన్నమ్మ గోడ దగ్గర, పిన్ని తలుపు దగ్గర నిలబడ్డారు. మేట్రన్ మితభాషి. గుడ్డసంచిని చూసింది, పిన్నిని చూసింది, గుమస్తా సిద్ధం చేసిన వాంగ్మూలాన్ని చదివింది. పాత్రలు కడిగే ఉద్యోగిని కొంతకాలంగా రహస్యంగా కూరగాయలు దాచి తరలిస్తుండగా తాను కళ్లారా చూసినట్లు అందులో వెన్నమ్మ పేర ఉంది. గుమస్తా కలం అందించాడు.

వెన్నమ్మ కలం తీసుకుని, ఖాళీ కాగితం ఇప్పించమని మేట్రన్‌ను అడిగింది. సంతకానికి ఈ కాగితం చాలని గుమస్తా అన్నాడు. మేట్రన్ సొరుగులోంచి కాగితం తీసి బల్ల అంచుకు జరిపింది.

ఆమె నిలబడే రాసింది. రాయడం అలవాటు తప్పిన చేయి. ఒక్కొక్క మాటకూ ఆగుతూ, సాసులో పాలు పోసినట్టు కొంచెం కొంచెంగా రాసింది. పెద్ద వంటవాడు రెండుసార్లు దగ్గాడు. మూడోసారి "మరదలా" అన్నాడు. వంటశాలలో ఆయన ఆమెను ఆ వరుసతో ఎన్నడూ పిలవలేదు. ఆమె తల ఎత్తలేదు.

బుధవారం తాను ఏమి చూసిందో రాసింది. చూసిన తరువాత కూడా సాసు పోసి వార్డులకు పంపించానని రాసింది. రోగులకు చెందవలసిన కూరగాయలు తన ఇంటికి వచ్చాయనీ, తాను తిన్నాననీ, వాటిలో నిన్న సాయంత్రం వచ్చినవి బయట వరండాలో సంచిలో ఉన్నాయనీ రాసింది. పిన్ని చెప్పినదీ, తన ఎదుట చేసి చూపించినదీ చివర రాసి, సంతకం పెట్టి ఇచ్చింది.

మేట్రన్ రెండుసార్లు చదివి, కాగితాన్ని పెద్ద వంటవాడి ముందుకు తోసింది. ఆయన చదివి, ఇవి ఇంటి గొడవలనీ, ఆడవాళ్ల ఏడుపులనీ, వాటిని ఆఫీసు దాకా తేవడం మర్యాద కాదనీ అన్నాడు. మేట్రన్ ఈ రోజు ట్రేలు పేర్చారా అని అడిగింది. ఇంకా లేదన్నాడు. అయితే చల్లగదిలోని బేసిన్ తెప్పించమని గుమస్తాతో అంది. గుమస్తా పెద్ద వంటవాడి వైపు చూశాడు. ఆయన గోడ గడియారాన్ని చూస్తున్నాడు. గుమస్తా లేచి వెళ్లాడు.

పిన్నిని పెరట్లోకి పంపేశారు కనుక, గురువారం సాయంత్రం నుంచి ఆ బేసిన్‌ను నింపినది పెద్ద వంటవాడే. మేట్రన్ బల్ల మీది కాగితాలు పక్కకు తీయించి, బేసిన్ దింపించి, మూత ఎత్తింది. రెండు రోజుల పళ్లాల నుంచి ఊడ్చినదంతా అందులో ఉంది. నలిగిన మెతుకులు, కొరికిన ముక్కలు, సూపు గడ్డకట్టిన జిగట, చివరికి ఒక కాగితపు రుమాలు కూడా. ఇరవై ఏళ్లు పుండ్లు కడిగిన మనిషి మేట్రన్. ఆమె కూడా మూత పెట్టేసి, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, కిటికీ వైపు తిరిగి కొంతసేపు నిలబడింది.

తిరిగి వచ్చి, పెద్ద వంటవాడిని లేవమంది. వంటశాల తాళాలు బల్లమీద పెట్టి వెళ్లమంది. వెన్నమ్మ తనకూ అదే మాట వస్తుందని ఎదురుచూసింది. నీ సంగతి ఈ పూట వంట అయిన తరువాత మాట్లాడతానంది మేట్రన్; రోగులు పన్నెండున్నరకు తినాలి. ఖాళీ అయిన కుర్చీని చూపించి పిన్నిని కూర్చోమంది. పిన్ని తన తడి బట్టలు చూసుకుని, కుర్చీ పాడవుతుందని నిలబడే ఉంది. మేట్రన్ లేచి, కుర్చీని స్వయంగా తలుపు దాకా తెచ్చి వేసింది.

ఆ ఉదయం ఆమె తన చేతితో రాసి, వార్డులన్నింటికీ, వంటశాలకూ పంపిన ఉత్తర్వులో మొదటి భాగం తొలగింపులకూ కొత్త నియమాలకూ సంబంధించినది. రెండవ భాగం ఇది:

"గడచిన ఎనిమిది నెలలలో, ఒక్క రోజు మినహా, ఈ ఆసుపత్రిలోని రోగులకు ఇతరులు తిని విడిచిన ఆహారం చేరకుండా ఆపినది పాత్రలు కడిగే ఉద్యోగిని. ఆ పని చేయమని ఆమెను ఎవరూ ఆదేశించలేదు. అందుకు విరుద్ధమైన ఆదేశం మాత్రం ఉన్నది. పారవేసిన కాడలను ఆమె తన తీరిక వేళల్లో చెక్కి, ఉడికించి, శుభ్రమైన ఆహారంగా మార్చినారు. ఆ విషయం తెలియకుండానే ఆమెపై దొంగతనపు విచారణ జరిపినందుకు ఈ కార్యాలయం ఆమెను క్షమాపణ కోరుతున్నది. ఆమె చేసిన పనిని గుర్తించి, రోగులందరి తరఫున కృతజ్ఞతతో ఇందుమూలముగా నమోదు చేయడమైనది."